వస్తానన్నాడు, వస్తాడన్నాడు

ఇంగ్లీషు వ్యాకరణంలో డైరెక్టు స్పీచి, ఇన్‌డైరెక్టు స్పీచి అని ఒక పాఠం ఉంది. పదో తరగతి గడప తొక్కినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోయి ఉండరు. ఒకరన్న మాటని కొటేషన్లలో పెట్టి ఉన్నదున్నట్టు చెబితే డైరెక్టు. ఆ కొటేషన్లు పీకేసి మన మాటగా తిప్పి చెబితే ఇన్‌డైరెక్టు. ఇంతే సంగతి. ఈ ఇంత సంగతి కోసం మన పిల్లలు ఏళ్ళ తరబడి పడుతున్న అవస్థ చూస్తే, ఇది భాష నేర్పడానికి పెట్టిన పాఠమా, భాషంటే భయం నేర్పడానికి పెట్టిన పాఠమా అని సందేహం వస్తుంది. సందేహం ఏమిటి లెండి, రెండోదేనని నా నిశ్చితాభిప్రాయం.

ముందే ఒక మాట చెప్పుకోనివ్వండి. ఇంగ్లీషు వద్దనే బాపతు కాదు నేను. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, గోదావరి పాయ దాటి అవతల ఒడ్డున పడాలంటే ఒకప్పుడు పంటు ఎంత అవసరమో, ఇవాళ ఉద్యోగం సద్యోగం కావాలంటే ఇంగ్లీషు అంత అవసరం. నా తగవు పంటుతో కాదు. పంటు ఎక్కాలంటే ఇంటిదగ్గర నేర్చుకున్న ఈత మరిచిపోయి రమ్మనేవాళ్ళతో.

ఈ పాఠం ఎలా చెబుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. బోర్డు మీద ఓ పట్టిక గీస్తారు. 'ఐ' ఉంటే 'హి' చెయ్యి. 'యామ్' ఉంటే 'వాజ్' చెయ్యి. 'విల్' కనిపిస్తే 'వుడ్' పెట్టు. 'నౌ' పోయి 'దెన్' వస్తుంది, 'హియర్' పోయి 'దేర్' వస్తుంది, 'టుమారో' పోయి 'ది నెక్స్ట్ డే' వస్తుంది. 'సెడ్ టు' అన్నచోట 'టోల్డ్'. ప్రశ్న అయితే 'ఆస్క్‌డ్', ఆజ్ఞ అయితే 'ఆర్డర్డ్', వేడుకోలు అయితే 'రిక్వెస్టెడ్'. ఎందుకు పోవాలి, ఎందుకు రావాలి అని ఏ పిల్ల అయినా లేచి అడిగిందా, "రూలు అంతే, కూర్చో" అంటారు. నోట్లు తీసుకుని చిల్లర ఇచ్చినట్టు, ఈ మాట ఇస్తే ఆ మాట ఇవ్వడమే. అందులో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో ఎవరికీ పట్టదు. పరీక్షలో ఒకటో రెండో మార్కులు. ఆ మార్కుల కోసం గైడుల్లో పేజీలకి పేజీలు.

అన్నిటికన్నా చోద్యం ఆశ్చర్యార్థకాలు. "అలాస్! మై కోకోనట్ ట్రీ హాజ్ ఫాలెన్" అన్నాడనుకోండి ఒకాయన. దాన్ని మార్చమంటే పిల్ల ఏం రాయాలి? "హి ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ సారో దట్ హిజ్ కోకోనట్ ట్రీ హాడ్ ఫాలెన్" అని రాయాలి. అంటే, 'ఆయన తన కొబ్బరిచెట్టు పడిపోయినదని దుఃఖముతో ఎలుగెత్తి పలికెను' అన్నమాట! నేనడుగుతాను, ఈ భూమ్మీద ఏ భార్య అయినా పక్కింటావిడతో అలా చెబుతుందా? "అయ్యో, చెట్టు పడిపోయిందే! అని ఒకటే గోలండీ మా ఆయన" అంటుంది. లండనులో భార్య కూడా అలాగే అంటుంది. 'విత్ సారో' అనే మనిషి పరీక్ష కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేడు.

మా గోదావరి జిల్లాల్లో 'ఆయ్' అనే మాటొకటుంది. దింపు తీసే మనిషిని పిలిచి, "రేపు పొద్దున్నే వచ్చి కాయలు దింపాలి" అంటే "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఆ 'ఆయ్'లో ఒప్పుకోలు ఉంది, మర్యాద ఉంది, రేపు రాకపోయినా రాకపోవచ్చుననే సూచన కూడా ఉంది. దీన్ని ఇన్‌డైరెక్టులోకి మార్చమనండి చూద్దాం, 'రిప్లయిడ్ ఇన్ ది అఫర్మేటివ్' అని రాస్తారు. దింపు మనిషీ పోయాడు, గోదావరీ పోయింది, 'అఫర్మేటివ్' ఒక్కటీ మిగిలింది.

మన దేశంలో తరతరాల పిల్లల చేత ఈ వ్యాకరణం వల్లె వేయించిన పుస్తకం రెన్ అండ్ మార్టిన్ అని అందరికీ తెలుసు. ఆ రెన్ ఎవరో చాలామందికి తెలియదు. పర్సివల్ క్రిస్టఫర్ రెన్ అనే ఆ ఇంగ్లీషాయన అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేశాడు. ఆయన నవలలు కూడా రాశాడు. 1924లో వచ్చిన 'బో జెస్ట్' అనే సాహస నవల ఆయనదే. దాన్ని సినిమాగా కూడా తీశారు. చూశారా! వ్యాకరణం రాసిన చేయే నవల రాసింది. ఆయన మాట ఎందుకు, నా మాటే చెబుతాను. పాత్రల చేత నిఖార్సయిన మాటలు మాట్లాడించకుండా 'ఆమె దుఃఖముతో పలికెను' అని పుస్తకం నిండా నింపితే, ఏ నవలకీ రెండో పేజీ తిప్పే పాఠకురాలు దొరకదు. మాటని ఎక్కడ ఉన్నదున్నట్టు పెట్టాలో, ఎక్కడ తిప్పి చెప్పాలో తెలియడమే కథ చెప్పడం. ఆ తెలివి నేర్పవలసిన పాఠాన్ని ఎక్కాల పుస్తకం చేసి కూర్చోబెట్టాం మనం.

పోనీ ఆ ఎక్కం అయినా నిక్కమా అంటే, అదీ కాదు. సోమవారం పొద్దున్న రాజోలు నుంచి మేనత్త ఫోను చేసి "రేపు వస్తాను" అందనుకోండి. ఆ సాయంత్రమే పిల్ల వాళ్ళ నాన్నతో ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలి. 'టుమారో'ని 'టుమారో' అనే చెప్పాలి. ఎందుకంటే రేపు ఇంకా రేపే కదా! బుధవారం నాడు చెబితే అప్పుడు 'ది నెక్స్ట్ డే' అనాలి. అలాగే ఆవిడ ఇంకా రావలసే ఉంటే 'షి సెడ్ షి ఈజ్ కమింగ్' అన్నా ఇంగ్లీషువాళ్ళు తప్పు పట్టరు. మంచి వ్యాకరణ పుస్తకాలు ఈ మాట ఒప్పుకుంటాయి కూడా. కానీ మన గైడులో ఇది ఓ మూల 'నోట్' కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలుండదు. ఎప్పుడు చెబుతున్నాం, ఎక్కడ నిలబడి చెబుతున్నాం అన్న ఆలోచన లేకుండా మాటలు మార్చమన్నప్పుడు, మార్కు వస్తుంది గానీ మేనత్త వచ్చే రోజు తప్పిపోతుంది.

ఇంకో తమాషా వినండి. అమెరికాలో పిల్లలు మాట్లాడుకునేటప్పుడు 'షి సెడ్ దట్' అనడం మానేసి 'షి వాజ్ లైక్' అని, ఆ వెంటనే ఆమె మాటని ఆమె గొంతుతోనే అనేస్తారు. 1980ల నుంచీ అక్కడి భాషా పండితులు దీన్ని గమనించి రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు అక్కడ పుట్టి పెరిగిన మన మనవలూ మనవరాళ్ళూ వేసవి సెలవులకి వచ్చి అలాగే మాట్లాడుతుంటే మనం మురిసిపోతున్నాం. వాళ్ళకి ముద్దొచ్చే మాట, మన వీధి బళ్ళో పిల్ల రాస్తే సున్నా!

ఇప్పుడు మన వంటింటి భాషకి రండి. తెలుగులో ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యడానికి ఉన్న పనిముట్టు 'అని'. రెండే అక్షరాలు. అవతలివాళ్ళ మాటని అలాగే ఎత్తి పెట్టి, చివర 'అని' తగిలించి, 'అన్నాడు', 'అంది', 'అన్నారు' అంటే సరిపోయింది. ఆకలేస్తోందన్నాడు. తలనొప్పిగా ఉందంది. చూడండి, మాట నిన్నటిదే అయినా అందులోని ఆకలి నిన్నటిది కాలేదు. 'ఆకలేస్తోంది' అని అప్పుడే పొయ్యి ముందు నిలబడి అడుగుతున్నట్టుంది. సంస్కృతంలో 'ఇతి' చేసేది ఇలాంటి పనే. తమిళుల 'ఎన్రు', కన్నడిగుల 'ఎందు' మన 'అని'కి అక్కచెల్లెళ్ళు.

ఈ 'అని' ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా లెక్క పెట్టారా? ఆజ్ఞ అయితే 'రమ్మన్నారు'. నిషేధం అయితే 'రావద్దన్నారు'. తిరస్కారం అయితే 'రానన్నారు'. అశక్తత అయితే 'రాలేనన్నారు'. ఇంగ్లీషులో అయితే 'ఆర్డర్డ్', 'ఫర్‌బేడ్', 'రెఫ్యూజ్‌డ్' అంటూ ఒక్కోదానికీ ఒక్కో క్రియ వెతుక్కోవాలి. వర్షం వస్తుందేమోనని గొడుగు పట్టుకెళతాం, అక్కడ 'అని' మన భయం. ధడేల్‌మని తలుపు వేస్తారు, అక్కడ 'అని' చప్పుడు. సీత అనే అమ్మాయి, అక్కడ అది పేరు. అన్నిటికన్నా నాకిష్టమైనది 'అనుకోవడం'. తనలో తాను అనుకోవడమే ఆలోచన అని మన భాష తేల్చేసింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారూ, గ్విన్ దొరగారూ కలిసి 1985లో ఆధునిక తెలుగుకి ఇంగ్లీషులో వ్యాకరణం రాశారు. అలాంటి మహానుభావులు కూర్చుని వివరించవలసిన ఈ 'అని'ని మన మూడేళ్ళ పిల్ల "అమ్మ లమ్మంది" అంటూ ఏ మేష్టారూ చెప్పకుండానే వాడేస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. 'హి సెడ్ దట్ హి వుడ్ కమ్' అని ఇంగ్లీషు వాక్యం. ఎవరు వస్తానన్నట్టు? చెప్పినవాడే వస్తానన్నాడా? ఇంకెవరో వస్తారని చెప్పాడా? ఆ వాక్యాన్ని ఎంత తిరగేసి చూసినా తేలదు. ముందూ వెనకా ఏముందో చూసుకోవాలి. మన తెలుగులో? 'వస్తానన్నాడు' అంటే చెప్పినవాడే వస్తాడు. 'వస్తాడన్నాడు' అంటే వచ్చేవాడు వేరు. 'న'కీ 'డ'కీ ఉన్నంత తేడాతో మొత్తం వ్యవహారం తేలిపోయింది. అలాగే 'వెళతామన్నారు' అంటే వాళ్ళు వెళతారు, మనం ఇంట్లో ఉంటాం. 'వెళదామన్నారు' అంటే మనం కూడా చీర మార్చుకోవాలి! ఇంగ్లీషులో ఈ రెండోదానికి 'ప్రపోజ్‌డ్ దట్ దే షుడ్ గో' అని పెళ్ళిచూపుల కబురు పంపినంత హడావిడి చెయ్యాలి.

ఇంకా సూక్ష్మం కావాలంటే 'తను' ఉంది. 'తను వస్తానన్నాడు' అంటాం. 'తను' చూస్తే మూడో మనిషి, 'వస్తాను' చూస్తే మాట్లాడే మనిషి. ఇద్దరూ ఒకే వాక్యంలో, తగవు లేకుండా. మనకి ఇందులో వింతేమీ కనబడదు గానీ, ఈమధ్య విదేశీ విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రజ్ఞులు సరిగ్గా ఇలాంటి తెలుగు వాక్యాల మీద కూర్చుని పెద్ద పెద్ద పరిశోధనలు రాస్తున్నారు. వాళ్ళకి పరిశోధన, మనకి పెరట్లో తులసిమొక్క.

సరే, ఇదంతా విని "తెలుగు గొప్పదే తల్లీ, పరీక్ష ఇంగ్లీషులో కదా" అంటారు మీరు. అక్కడికే వస్తున్నాను. ఈ రెండు భాషలూ చేసే పని ఒకటే, నిలబడే చోటు వేరు. తెలుగు మనిషి అవతలివాళ్ళ మాట చెప్పేటప్పుడు లేచి వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుంటాడు. వాళ్ళ 'నేను' వాళ్ళ క్రియలోనే ఉంటుంది, వాళ్ళ ఆకలి వాళ్ళ వేళలోనే ఉంటుంది. ఇంగ్లీషు మనిషి తన వాకిలి కదలడు. అక్కడ నిలబడే చూస్తాడు. అక్కణ్ణించి చూస్తే ఆ 'నేను' అతనికి 'వాడు'. అతనున్న చోటు కాదు గనక ఆ 'ఇక్కడ' అతనికి 'అక్కడ'. ఆ వేళ గడిచిపోయింది గనక ఆ 'ఇప్పుడు' 'అప్పుడు', ఆ 'ఉంది' 'ఉండేది'. వేళ గడవకపోతే, చోటు మారకపోతే, ఏదీ మారక్కర్లేదు. అయిపోయింది పాఠం! నాలుగు సూత్రాలూ, పది మినహాయింపులూ, పట్టికా అన్నీ ఈ ఒక్క వాకిట్లోకి వచ్చి కూర్చున్నాయి. మా పక్కింట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లకి ఇలా చెబితే, "అయితే ఆంటీ, ఇంగ్లీషువాడు గడప దాటడన్నమాట" అంది. అంతే. గడప దాటని మనిషి ఎలా మాట్లాడతాడో ఊహించుకుని రాసుకుంటూ పోయింది.

ఈ ముక్క చెప్పడానికి ఇంగ్లీషు ఎమ్మే అక్కర్లేదు. 'అని' తెలిసిన ఏ తల్లి అయినా చెప్పగలదు. నా కోపమంతా ఇక్కడుంది. పాఠాన్ని పట్టిక చేసి, పట్టికని రూలు చేసి, ఆ రూలుని ఇంగ్లీషులోనే చెప్పి, చివరికి తల్లిని ఆ పాఠం దరిదాపులకి రాకుండా చేసేశారు. ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశంలో నా చెవులారా విన్నాను. "ఇంటిదగ్గర మీరు తెలుగు మాట్లాడబట్టే మీ అమ్మాయికి గ్రామరు రావడం లేదండీ" అని ఒక టీచరమ్మ ఓ తల్లితో అంటోంది. ఆ తల్లి తలొంచుకుని, తప్పు చేసినట్టు నిలబడింది. ఏమి తప్పు చేసింది? పిల్లకి పుట్టిన దగ్గర్నుంచీ 'అంది, అన్నాడు, రమ్మన్నారు, వద్దన్నారు' అంటూ, ఒకరి మాట ఇంకొకరికి పొల్లుపోకుండా ఎలా చెప్పాలో నేర్పింది. ఇంగ్లీషు పాఠంలో సగం పని అప్పటికే చేసి పెట్టింది. ఆ సగాన్ని వాడుకోవడం చేతకాక ఆవిణ్ణే దోషిని చేశారు. ఆ పిల్ల ఇంటికెళ్ళి పుస్తకం ముందేసుకుని "నీకు తెలీదులే అమ్మా" అంటుంది. ఆ మాటని ఏ స్పీచిలోకి మార్చినా దాని పోటు తగ్గదు.

"ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే నేర్పాలి, తెలుగు కలిపితే చెడుతుంది" అనే పెద్దలున్నారు. అయ్యా, కలపమనడం లేదు, పక్కన పెట్టి చూపించమంటున్నాను. పక్కన పెడితేనే కదా తేడా తెలిసేది. తెలుగు పక్కన లేకపోతే తెలుగు పోదు, పిల్ల బుర్రలో దొంగతనంగా దూరుతుంది. 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అని రాస్తుంది. అది మన 'వస్తానన్నాడు'కి నకలు. మేష్టారు ఎర్రసిరాతో కొట్టేస్తారు తప్ప, ఆ తప్పు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పరు. తప్పు పుట్టిల్లు తెలిస్తేనే దాన్ని సాగనంపగలం.

"అయితే మీరు తెలుగు మీడియం వాళ్ళన్నమాట" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు చాలా పెద్దది. మన రాష్ట్రంలో 2019లో సర్కారు బళ్ళకి ఇంగ్లీషు మీడియం అంటూ ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ తరువాత కూడా వాదాలు సాగాయి. అదే ఏడు వచ్చిన జాతీయ విద్యా విధానం వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. నేను ఆ తగవు తీర్చబోవడం లేదు. మీడియం ఏదైనా కానివ్వండి, పిల్ల నోట్లో ఉన్న భాషని గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మనకండి అంటున్నాను.

ఇంకొక్కటుంది. ఈ పాఠంలో లేనిది, మన భాషలో ఉన్నది, పిల్లల నాలుక మీద నిలవవలసినది ఒక్క అక్షరం: 'ట'. 'వచ్చాడు' అంటే నేను చూశాను. 'వచ్చాట్ట' అంటే ఎవరో చెప్పగా విన్నాను, పూచీ నాది కాదు. ఇంగ్లీషు పత్రికలు 'రిపోర్టెడ్లీ', 'అలెజెడ్లీ' అని బారెడు మాటలు వాడి చేసే పనిని మన బామ్మలు ఒక్క 'ట'తో చేసేశారు. కోర్టుల్లో చూడండి. సాక్షి తను చూసినదీ, తను విన్నదీ చెప్పాలి గానీ, ఎవరో అన్నారట అంటే సాధారణంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం ఆ మాటే అంది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమూ ఆ మాటే అంటోంది. న్యాయమూర్తి అడిగేదీ మా బామ్మ అడిగేదీ ఒకటే ప్రశ్న: "నువ్వు చూశావా? చూశాట్టా?"

ఈ తేడా ఎంత విలువైనదో 1996 నవంబరు 6న కోనసీమలో ఉన్నవాళ్ళని అడగండి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పగలంతా మా వీధిలో 'తుఫానట', 'ఇటు రాదుట', 'పక్కకి పోతుందిట' అని 'ట'లు తిరిగాయి. రేడియోలో స్వయంగా విన్నవాళ్ళు ఎందరో, వాళ్ళు అన్నారట అన్నవాళ్ళు ఎందరో! రాత్రికి గాలి వచ్చింది. కొబ్బరితోటలు తోటలకి తోటలే నేలకొరిగాయి. సముద్రం వైపు ఊళ్ళలో ఎందరు పోయారో తలుచుకుంటే ఈనాటికీ గుండె తరుక్కుపోతుంది. ఒకరి మాటని ఇంకొకరికి సరిగ్గా చేరవెయ్యడం రెండు మార్కుల వ్యవహారం కాదు, ఒక్కోసారి ప్రాణాల వ్యవహారం.

అంత దూరం ఎందుకు, పెళ్ళి సంబంధాలు చూడండి. "మాకేమీ వద్దన్నారండి, ఏదో అమ్మాయి పేరున పెడితే చాలన్నారట" అంటాడు మధ్యవర్తి. ఎవరన్నారు? పెళ్ళికొడుకు తండ్రిని అడిగితే "నేనేమీ అడగలేదే, మా ఆడవాళ్ళేదో అన్నారట" అంటాడు. ఆడవాళ్ళు "మగవాళ్ళే అనుకున్నారుట" అంటారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇన్నేళ్ళూ అది ఈ 'అన్నారట' చాటున దాక్కునేవాళ్ళని పట్టుకోలేక తిప్పలు పడుతూనే ఉంది. ఇక మన సంగతి. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని నిర్ణయాలు "మా ఆవిడ ఒప్పుకోవడం లేదండీ" అని మన నెత్తిన పెట్టి తప్పించుకోలేదు? ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? ఆవిడ డైరెక్టు స్పీచి ఎవరైనా విన్నారా? ఆడదాని మాట ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి ఎప్పుడూ ఇన్‌డైరెక్టే. మార్చేవాళ్ళు మాత్రం 'టెన్సు' ఒక్కటే కాదు, అర్థమే మార్చేస్తారు.

అందుకే ఈ పాఠం ఉండాలంటాను, తీసెయ్యమనను. ఉండవలసినట్టుగా ఉండాలంటాను. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడమంటే ఆ మాటకి బాధ్యత మొయ్యడం. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, నేను విన్నానా, విన్నవాళ్ళు చెబితే విన్నానా? ఈ ప్రశ్నలు వేసుకోవడం నేర్పితే వ్యాకరణం వస్తుంది, దానితో పాటు నిజాయితీ కూడా వస్తుంది. పరీక్షలో 'మార్చుము' అని విడి వాక్యాలు ఇచ్చే బదులు ఓ చిన్న సంభాషణ ఇచ్చి, "ఇది మర్నాడు మీ స్నేహితురాలికి ఎలా చెబుతావు?" అని అడగమనండి. తెలుగులో ఎలా చెబుతావు, ఇంగ్లీషులో ఎలా చెబుతావు, ఏది మారింది, ఎందుకు మారింది అని అడగమనండి. 'విత్ సారో'లనీ, 'విత్ జాయ్'లనీ పెట్టెలో పెట్టి అటకెక్కించమనండి.

వాళ్ళు అడిగేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ఈసారి మీ పిల్ల "ఇది ఇంగ్లీషు గ్రామరు, నీకు తెలీదులే" అంటే, పుస్తకం పక్కన పెట్టించి ఒక్కటే అడగండి. 'వస్తానన్నాడు'కీ 'వస్తాడన్నాడు'కీ తేడా ఏమిటో చెప్పమనండి. చెప్పగానే, ఆ తేడా ఇంగ్లీషులో ఎలా చూపిస్తావో చెప్పమనండి. పిల్ల కాసేపు కలం కొరుక్కుంటుంది. అప్పుడు మీరు గడప కథ మొదలుపెట్టండి. మిగతా సగం మేష్టారు చూసుకుంటారు.